కారు స్టీరియోకు సబ్‌వూఫరును అమర్చుట

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన సాయంకాలమున, పాఠశాల ఆవరణలో నిలిచియున్న కార్ల నడుమ మేము నడచుచుండగా, పదవ తరగతి బాలుని తండ్రిగారొకరు మమ్ము పిలిచి తమ కారు డిక్కీ తెఱచి చూపిరి. అందులో నల్లని పెట్టెలో బిగించిన క్రొత్త సబ్‌వూఫరును, దాని ప్రక్కన ఒక యాంప్లిఫయరును ఉన్నవి. పెద్దకుమారుడు పట్టుపట్టగా అమర్పించితిమని వారు కొంత గర్వముగను, కొంత సంకోచముగను చెప్పిరి. యాంప్లిఫయరు మీద 4000 వాట్లు అని బంగారు రంగు అంకెలు మెఱయుచున్నవి. బ్యాటరీ నుండి దానికి విద్యుత్తును తెచ్చు ఎఱ్ఱ తీగ మాత్రము ఇంటిగోడలో వేయు తీగకంటె లావుగా లేదు. ఫ్యూజు ఎక్కడ నున్నదని అడిగితిమి. అంగడివారు పెట్టియే యుందురని వారనిరి. బానెట్టు ఎత్తి వెదకితిమి. బ్యాటరీ దగ్గఱ ఫ్యూజు లేదు.

ఆ సాయంకాలము బానెట్టు చుట్టును నిలిచి మాటలాడుకొన్న సంగతులనే ఇచ్చట పాఠముగా వ్రాయుచున్నాము. ఏలయన మన తల్లిదండ్రులలో ఇప్పుడు చాలమందికి కారు కలదు. ఆ కారులో తయారీవారే బిగించి యిచ్చిన స్టీరియో కలదు. అది చాలదని చెప్పు కుమారుడో, మేనల్లుడో ఇంట ఒక్కడైనను కలడు. ఈ పనికై హోసూరు చుట్టుప్రక్కలవారు బెంగుళూరు జె.సి. రోడ్డునకు పోవుదురు. చెన్నై వైపువారు జనరల్ ప్యాటర్స్ రోడ్డునకు పోవుదురు. అచ్చట నేర్పుగల పనివారు పెక్కుమంది కలరు. అయినను కారు అప్పగించి టీ త్రాగుటకు పోవు ముందు ఏమి అడుగవలెనో, తిరిగి వచ్చినపుడు ఏమి చూడవలెనో మనకు తెలిసియుండుట మంచిది.

ఇది కేవలము కుఱ్ఱకారు వేడుక యని కొందఱు పెద్దలు తలంతురు. మేమట్లు తలంపము. తయారీవారిచ్చిన స్టీరియోలో ఒక నిజమైన కొఱత కలదు. మృదంగ కచ్చేరి నొకదానిని ఇంటిలో మంచి స్పీకర్లపైని విని, తరువాత కారులో వినుడు. కుడిచేతి పలుకులు స్పష్టముగనే వినవచ్చును. ఎడమవైపు తొప్పి మీది గుమికి మాత్రము సగము మాయమై, ఎవరో అట్టపెట్టెను తట్టినట్లుండును. సన్నాయి మేళములోని డోలు గతియు అంతే. మన చెవి సెకనుకు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వఱకు గల ధ్వనులను వినగలదు. ఒకటిన్నర శ్రుతి, రెండు శ్రుతి అని గాయకులు చెప్పుకొను లెక్కలో ఒకటవ శ్రుతి షడ్జము సెకనుకు సుమారు 131 కంపనములు. దాని మంద్ర షడ్జము 65. సినిమా పాటలలోని బేస్ గిటారు తక్కువ తీగ 41 కంపనములకు దిగును. కారు తలుపులోని స్పీకరు ఆఱంగుళములో, ఆఱున్నర అంగుళములో ఉండును. 80 కంపనములకు దిగువ దానికి శక్తి చాలదు.

శక్తి చాలకపోవుటకు కారణము సులభముగనే తెలియును. కంపనముల సంఖ్య సగమైనపుడు ధ్వని అంతే బలముగా వినిపింపవలెనన్న, స్పీకరు శంకువు ముందునకును వెనుకకును నాలుగింతలు దూరము కదలవలెను. 160 కంపనముల స్వరమును పలికించునపుడు అర మిల్లీమీటరు కదలు శంకువు, అదే బలముతో 40 కంపనములను పలికింపవలెనన్న ఎనిమిది మిల్లీమీటర్లు కదలవలెను. తలుపులోని చిన్న స్పీకరునకు అంత చలనము లేదు. బలవంతపెట్టినచో ముందు బొంగురుపోవును, పిదప చినుగును. కావున గాలిని ఎక్కువగా నెట్టగల వెడల్పయిన, ఎక్కువగా కదలగల వేఱొక స్పీకరు కావలసివచ్చినది. పది, పండ్రెండు అంగుళముల సబ్‌వూఫరు అదియే.

దీనికి తోడు కారు నడచుచున్నపుడు టైర్ల రొద, ఇంజను రొద, గాలి రొద కలవు. ఈ రొదలలో ఎక్కువ భాగము మంద్రధ్వనియే యగుటచే, పాటలోని మంద్రమును అది ముందుగా మ్రింగివేయును. శ్రోత ఏమి చేయును? పాట పలుచబడినదని స్టీరియోను పెంచును. మంద్రము రాదు గాని తారస్థాయి చెవిలో గుచ్చుకొనును. సరిగా అమర్చిన సబ్‌వూఫరు గల కారులో శ్రోతలు మొత్తము ధ్వనిని తగ్గించియే వినుట మేము పలుమాఱులు గమనించితిమి. నిండుదనము దొరకినపుడు హోరు అక్కఱలేదు. అంగడి ముందు డిక్కీ తెఱచి పెట్టి అద్దములు అదరునట్లు వినిపించు ప్రదర్శనకును దీనికిని సంబంధము లేదు.

ఇక వాట్ల సంగతి. ఇచ్చటనే తండ్రుల ధనము ఎక్కువగా వ్యర్థమగుచున్నది. తయారీవారి స్టీరియో మీద సాధారణముగా 50 వాట్లు చొప్పున నాలుగు అని వ్రాసియుండును. పదవ తరగతి విద్యార్థి దీనిని పరీక్షింపగలడు. ఇంజను నడచునపుడు కారులోని వోల్టేజి సుమారు 14. దానితో నడచు స్టీరియో లోపలి చిన్న యాంప్లిఫయరు స్పీకరునకు నిలకడగా ఈయగలిగినది 10 వోల్టులకు మించదు. స్పీకరు నిరోధము 4 ఓములు. వోల్టేజి వర్గమును నిరోధముచే భాగించిన 25 వాట్లు వచ్చును. నష్టములు పోగా పదునెనిమిదో, ఇరువదియో మిగులును. 50 అనునది క్షణకాలపు శిఖరము.

యాంప్లిఫయరు ప్రత్యేకముగా కావలసివచ్చుట ఇందువలననే. దానిలో వోల్టేజిని పెంచు ఏర్పాటు కలదు. 4 ఓముల స్పీకరునకు 300 వాట్లు ఈయవలెనన్న సుమారు 35 వోల్టులు కావలెను. అవి బ్యాటరీలో లేవు. యాంప్లిఫయరు వానిని తయారుచేసికొనును. అయితే శక్తిని సృష్టింపజాలదు. ఎంత శక్తి బయటికి వచ్చునో, అంతకంటె ఎక్కువ బ్యాటరీవైపు నుండి లోపలికి పోవలెను. 4000 వాట్లు నిజమైనచో 14 వోల్టులకు దాదాపు 300 ఆంపియర్లు కావలెను! చిన్న కారు ఆల్టర్నేటరు, అనగా ఇంజనుతో తిరుగుచు విద్యుత్తు నిచ్చు యంత్రము, అందులో మూడవవంతైనను ఈయజాలదు. పి.ఎం.పి.ఓ. అను పేర అట్టలపై ముద్రించు ఈ పెద్ద సంఖ్యలను చూచి ఏ తండ్రియు జేబు తడుముకొనరాదు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన సంఖ్య ఎంతయో చూడవలెను.

ఆ సంఖ్యయు నమ్మదగినది కానిచో ఒక ఉపాయము కలదు. యాంప్లిఫయరు ప్రక్కభాగమున తయారీవారే పెట్టిన ఫ్యూజు ఉండును. దానిమీద ఆంపియర్లు వ్రాసియుండును. దానిని 13.8 చే హెచ్చించుడు. లోపలికి పోగల శక్తి తేలును. డి తరగతి యాంప్లిఫయరైనచో అందులో నాలుగైదవ వంతులు, పాతవిధమగు ఏబీ తరగతిదైనచో సగము, లేక కొంచెము ఎక్కువ బయటికి వచ్చును. మేము చూచిన ఆ 4000 వాట్ల యంత్రముపైని ఫ్యూజు 30 ఆంపియర్లది. లోపలికి 414 వాట్లు, బయటికి 330. నిజము చెప్పవలెనన్న ఒక చిన్న కారునకు 330 వాట్లు చాల ఎక్కువ. యంత్రము మంచిదే, అట్ట మాత్రము అబద్ధమాడినది.

ఇప్పుడు ఎఱ్ఱ తీగ యొద్దకు వత్తము. ఇచ్చట పాఠకులు కొంచెము ఓపిక వహింపవలెను. పిల్లలు పుస్తకములో నిరోధము, విద్యుత్ప్రవాహము, ఉష్ణము అని చదివి పరీక్షలో వ్రాయు విషయమే ఇది. బ్యాటరీ బానెట్టు క్రింద ఉన్నది. యాంప్లిఫయరు డిక్కీలో ఉన్నది. నడుమ తీగ పొడవు సుమారు 5 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల రాగితీగ మీటరునకు 0.0172 ఓము నిరోధము చూపును. ఆ కారులోని తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది. లెక్కింపగా దాని నిరోధము 0.034 ఓము. ఇది అత్యల్పముగా తోచును. కాని 30 ఆంపియర్ల ప్రవాహము పోవునపుడు ఒక వోల్టు తీగలోనే నష్టమగును. ప్రవాహ వర్గమును నిరోధముచే హెచ్చించిన, 31 వాట్ల ఉష్ణము తివాచీ క్రింద దాగియున్న తీగలో పుట్టును. అదే తీగను 8 చదరపు మిల్లీమీటర్లదిగా, అంగడివారు 8 గేజి యని చెప్పు పరిమాణములో వేసినచో, నష్టము వోల్టులో మూడవవంతు. ఉష్ణము పదివాట్లకు లోబడి, ఐదు మీటర్ల పొడవునను పంచుకొనును. సంగీతములో ప్రవాహము ఎల్లప్పుడును నిండుగా ఉండదు గనుక సగటు ఇంతకంటె తక్కువయే. అయినను తీగను నిండు ప్రవాహమునకే ఎన్నుకొనవలెను. 500 వాట్లు దాటు యంత్రమునకు 4 గేజి, అనగా 21 చదరపు మిల్లీమీటర్ల తీగ కావలెను.

తీగ కొనునపుడు లావు చూచి మోసపోవుట సులభము. పైని రబ్బరు దళసరిగా ఉండి లోపలి లోహము సన్నగా ఉండు తీగలు కలవు. మఱియు అల్యూమినియముపై రాగి పూత పూసిన తీగలు చవుకగా అమ్ముదురు. ఒకే లావునకు అవి రాగికంటె చాల తక్కువ ప్రవాహమును మోయును. ఒక చివర గీకి చూడుడు. లోపల తెల్లగా కనబడినచో రాగి కాదు. తప్పనిసరియై అదే వాడవలసివచ్చినచో ఒక మెట్టు లావైన పరిమాణమును అడుగుడు.

ఇవన్నియు నష్టమును గూర్చిన మాటలు. అపాయము ఫ్యూజు లేకపోవుటలో కలదు. అంత తొందరగా మేము ఫ్యూజును గూర్చి అడుగుటకు కారణము మా స్వానుభవమే. కొన్ని సంవత్సరముల క్రిందట మాలో ఒకరి కారునకు ఒక అంగడిలో ఇట్టి యంత్రమునే అమర్పించితిమి. మూడు నెలలు చక్కగా పలికినది. ఒక వేసవి మధ్యాహ్నము నలుగురము కృష్ణగిరికి పోవుచుండగా, శూలగిరి దాటిన పిదప రబ్బరు కాలు వాసన వచ్చినది. ఎదుటి లారీదై యుండునని మొదట అనుకొంటిమి. తరువాత స్టీరియో ఆగిపోయినది. కాళ్ల దగ్గఱ నుండి పొగ లేచినది. కారు నిలిపి, దిగి, బానెట్టు ఎత్తి, రెంచితో బ్యాటరీ తీగను ఊడదీయు వఱకు పట్టిన రెండు నిముషములు మాకు ఇప్పటికిని జ్ఞాపకము. రెంచి కారులో ఉండుట మా అదృష్టము. ఆనాడు దానిని ఇంటిలో దింపి రావలెనని ఉదయమున అనుకొనియుంటిమి.

తరువాత విప్పి చూడగా కారణము తెలిసినది. ఇంజనుకును మనము కూర్చుండు చోటునకును నడుమ ఇనుప గోడ కలదు. తీగను లోపలికి తెచ్చుటకు పనివాడు దానిలో రంధ్రము చేసెను. రంధ్రపు అంచునకు రబ్బరు వలయము పెట్టలేదు. కారు అదరినప్పుడెల్ల తీగపైని తొడుగు ఆ పదునైన అంచున ఒరసికొని, మూడు నెలలకు అరిగి, లోపలి రాగి కారు ఇనుమును తాకినది. కారు శరీరమంతయు బ్యాటరీ ఋణధ్రువమునకు కలిసియున్నది గదా! అనగా బ్యాటరీ రెండు ధ్రువములును నేరుగా కలిసినవి. కారు బ్యాటరీ అట్టి సమయమున కొన్ని వందల ఆంపియర్లను క్రుమ్మరించును. ఆ ప్రవాహమునకు తీగ పొయ్యిలోని కమ్మివలె కాలును.

బ్యాటరీ ప్రక్కన ఫ్యూజు ఉండినచో అది రెప్పపాటులో తెగి, తీగ చల్లగా నిలిచియుండెడిది. యాంప్లిఫయరు మీద ఫ్యూజు ఉన్నది గదా యని పనివాడు మాతో వాదించెను. ఆ ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడుటకు ఉన్నది. ఐదు మీటర్ల తీగను కాపాడుటకు మఱియొకటి తీగ మొదటనే ఉండవలెను. బ్యాటరీ నుండి ఒక జానెడు, మించిన రెండు జానల దూరములోపల దానిని బిగింపవలెను. ఫ్యూజునకు ముందున్న తీగముక్కకు ఏ రక్షణయు లేదు. కావున ఆ ముక్క ఎంత చిన్నదైన అంత మంచిది. ఫ్యూజు పరిమాణము తీగ మోయగలదానిని మించరాదు. 8 గేజి రాగితీగకు 40 ఆంపియర్లు పెట్టుట వాడుక. ఫ్యూజు మాటిమాటికి తెగుచున్నదని పెద్దది పెట్టువారిని, వెండికాగితము చుట్టువారిని కారు దగ్గఱకు రానీయకుడు.

ఋణధ్రువపు తీగను గూర్చి పనివారు అశ్రద్ధ చూపుదురు. అదియు ఎఱ్ఱ తీగ అంత లావుండవలెను. రెండడుగులకు మించకుండ డిక్కీ దగ్గఱనే కారు ఇనుమునకు బిగింపవలెను. బిగించుచోట రంగును గీకి మెఱయు ఇనుమును బయటపెట్టవలెను. సీటు బెల్టు బిగించిన మరలను దీనికి వాడరాదు. క్రొత్త రంధ్రము చేయుదమని పనివాడు డ్రిల్లు తీసినచో, క్రింద ఏమున్నదో చూచితివా యని అడుగుడు. చాల చిన్న కార్లలో వెనుక సీటు క్రిందనే పెట్రోలు ట్యాంకు ఉండును. ఈ పనులన్నింటికి ముందు బ్యాటరీ ఋణధ్రువమును విప్పియుంచవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు.

విద్యుత్తు చేరినది. పాట ఎట్లు చేరును? తయారీవారి స్టీరియోను తీసివేసి వేఱొకటి పెట్టుట ఒకప్పటి పద్ధతి. నేటి కార్లలో వెనుకచూపు కెమెరా, స్టీరింగుపైని బొత్తాములు, ఒక్కొక్కచోట కారు హెచ్చరికలు కూడ స్టీరియో తెరతో ముడిపడి యుండుటచే, దానిని కదలింపకుండుటయే మేలు. యాంప్లిఫయరుకు పాటను పంపు ప్రత్యేక రంధ్రములు దాని వెనుక సాధారణముగా ఉండవు. కావున వెనుక స్పీకర్లకు పోవు తీగల నుండియే పాటను తీసికొందురు. స్పీకరు తీగలను నేరుగా స్వీకరించు యాంప్లిఫయరైనచో చిక్కు లేదు. లేనిచో లైన్ అవుట్ కన్వర్టర్ అను చిన్న పెట్టె నడుమ పెట్టవలెను. ఇచ్చట ఒక జాగ్రత్త కలదు. స్టీరియో స్పీకరు తీగలలో ఋణముగా గుర్తించిన తీగను కారు ఇనుమునకు కలుపరాదు. ఆ రెండు తీగలును సుమారు 6 వోల్టుల మీద నిలిచి పనిచేయును. ఒకదానిని ఇనుమునకు తాకించినచో స్టీరియోలోని చిప్పు చెడును. ఆ ఖర్చు సబ్‌వూఫరు ఖర్చును మించవచ్చును.

తీగలను కోసి అతుకు వేయవద్దనియు, ఆ కారునకు సరిపోవు కప్లరు వేసి కలుపుమనియు పనివానికి ముందే చెప్పుడు. కోసిన తీగను చూపి వారంటీ త్రోసిపుచ్చిన సందర్భములు కలవు. కప్లరైనచో కారు అమ్మునపుడు అన్నియు విప్పి మునుపటివలె చేయవచ్చును. పాట తీగలను కారునకు ఒక ప్రక్కగను, ఎఱ్ఱ తీగను వేఱొక ప్రక్కగను నడపవలెను. రెండును కలిసి నడచినచోట, ఇంజను వేగముతోపాటు పెరుగు ఈల వంటి రొద పాటలో చేరు ప్రమాదము కలదు. స్టీరియో ఆపినపుడు యాంప్లిఫయరు కూడ ఆగునట్లు సన్నని మూడవ తీగ యొకటి ఉండును. దానిని నేరుగా బ్యాటరీకి కలిపి చేతులు దులుపుకొను పనివారు కలరు. అప్పుడు యంత్రము రాత్రియంతయు మేలుకొనియుండి, నాలుగు దినములు కదలని కారు ఐదవనాడు స్టార్టు కాదు.

పెట్టె విషయమై అనేకులు మోసపోవుదురు. సబ్‌వూఫరు శంకువు ముందునకు గాలిని నెట్టునపుడు వెనుక గాలి లాగబడును. పెట్టె లేనిచో ముందు ధ్వనియు వెనుక ధ్వనియు కలిసి ఒకదాని నొకటి చంపుకొనును. అందుచే పెట్టె అలంకారము కాదు, అది యంత్రములో సగము. పూర్తిగా మూసిన పెట్టె యొకటి, గొట్టము గల పెట్టె యొకటి అని రెండు రకములు. గొట్టము గలది ఎక్కువ హోరు చేయును, చోటు ఎక్కువ కావలెను, కొలతలు తప్పినచో ఒకే స్వరము మీద గుయ్యిమనుచుండును. మృదంగమును వినువారికి మూసిన పెట్టెయే తగినదని మా అభిప్రాయము. తొప్పిపైని దెబ్బ పడినచోటనే ఆగును, సాగదు. పది అంగుళములదానికి సుమారు 20 లీటర్లు, పండ్రెండు అంగుళములదానికి 28 లీటర్లు చాలును. సరియైన కొలత స్పీకరు వెంట వచ్చు కాగితములో నుండును. పలకలు 18 మిల్లీమీటర్లకు తగ్గరాదు. మఱియొక అనుకూలము కలదు. 40 కంపనముల ధ్వని తరంగము పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అనగా కారుకంటె పొడవు. అట్టి ధ్వని మూసిన కారులో తనంతట తాను బలపడును. ఇంటిలో చాలని మూసిన పెట్టె కారులో చాలుటకు కారణమిదియే. అద్దము దింపి చూడుడు, ఆ బలము వెంటనే పోవును.

సి.ఎన్.జి. సిలిండరు డిక్కీలో ఉన్నవారికి పెట్టెకు చోటు లేదు. సిలిండరు దగ్గఱ క్రొత్త తీగలు, రంధ్రములు మంచివి కావు. వారు సీటు క్రింద పట్టు పలుచని సబ్‌వూఫరును చూడవచ్చును. ఎనిమిది అంగుళములది, యాంప్లిఫయరు లోపలనే ఉన్నది. అది అద్దములను అదరగొట్టదు; తొప్పిని మాత్రము తిరిగి యిచ్చును. బేస్‌ట్యూబు అని అమ్ము గుండ్రని గొట్టములు చవుక. వానిలో మంచివియు కలవు, తగరపు డబ్బాలును కలవు. ఏది పెట్టినను కదలకుండ బిగింపవలెను. ఇరువది కిలోల పెట్టె వెనుక సీటులోని పిల్లల వీపు దగ్గఱనే ఉన్నదని, కారు ఢీకొన్నపుడు అది ఊరక ఉండదని తల్లులు జ్ఞాపకముంచుకొందురుగాక.

అమర్చిన పిదప సరిచేయుటకు అరగంట పట్టును. అంగడివారు ఐదు నిముషములలో ముగింతురు. యాంప్లిఫయరు మీద రెండు మరలు ముఖ్యము. మొదటిది సబ్‌వూఫరుకు ఏ కంపనములకు దిగువ ధ్వనిని పంపవలెనో నిర్ణయించును. 80 దగ్గఱ నుంచుడు. 150కి ఎత్తినచో గాయకుని గొంతు డిక్కీ నుండి వచ్చుచున్నట్లుండును. రెండవది గెయిన్. దీనిని ధ్వని పెంచు మరగా భావించి చివరివఱకు త్రిప్పుటయే స్పీకర్లు కాలుటకు మొదటి కారణము. స్టీరియో పంపు సంకేతమునకును యాంప్లిఫయరునకును పొంతన కుదుర్చుటయే దాని పని. స్టీరియోను మూడువంతుల వఱకు పెంచి, బొంగురు వినబడు వఱకు గెయిన్ త్రిప్పి, అచ్చట నుండి వెనుకకు తగ్గింపవలెను. దశ అను మీట యొకటి ఉండును. రెండు వైపులను పెట్టి చూచి, ఏ వైపున మంద్రము నిండుగా నున్నదో అచ్చట విడువవలెను.

చెవి సంగతి చెప్పక ముగింపరాదు. 85 డెసిబెళ్ల ధ్వనిలో దినమునకు ఎనిమిది గంటలు మించి ఉండరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ నిర్ణయించినది. ప్రతి మూడు డెసిబెళ్లకు కాలము సగమగును. అనగా 94 వద్ద ఒక గంట. 100 వద్ద పదునైదు నిముషములు. ఫోనులోని కొలమానముతో కొలిచి, తక్కువయే యున్నదని పిల్లలు చూపుదురు. ఆ కొలమానము సాధారణముగా ఏ అను పద్ధతిలో లెక్కించును. ఆ పద్ధతి 50 కంపనముల ధ్వనిని 30 డెసిబెళ్లు తగ్గించి చూపును. సబ్‌వూఫరు ఎంత మ్రోగుచున్నదో దానిలో తెలియదు. గోడలను దాటిపోవునది ఆ ధ్వనియే. ప్రక్కింటి ముసలివారి నిద్రను చెఱచునదియు అదియే. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి పది మొదలు ఉదయము ఆఱు వఱకు 45 డెసిబెళ్లు హద్దు. పాఠశాలలు, ఆస్పత్రులు, న్యాయస్థానముల చుట్టును నూఱు మీటర్లకు తగ్గకుండ నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. అట్టిచోట పగలు 50, రాత్రి 40. సాయంకాలము పిల్లలను తీసికొనిపోవుటకు గేటు వద్ద నిలుచు కార్లవారు దీనిని మా విన్నపముగా కూడ గ్రహింపవలెను.

ఆ తండ్రిగారి కారు సంగతి. మఱునాడు బ్యాటరీ తీగను విప్పించి, ఆదివారము మా యెదుటనే పాత తీగను లాగివేసి, 8 గేజి రాగితీగను, 40 ఆంపియర్ల ఫ్యూజును, రబ్బరు వలయమును పెట్టించిరి. పాత తీగను తీయక మునుపు, క్రొత్తది వేసిన పిదప, పదవ తరగతి పిల్లలు ఒకే స్వరమును ఒకే ఎత్తులో మ్రోగించి మల్టీమీటరుతో తీగ రెండు కొనల నడుమ కొలిచిరి. మొదట అర వోల్టు, తరువాత 0.16. మందముల నిష్పత్తిని లెక్కించి, ఆ రెండవ సంఖ్యను కొలువక ముందే నల్లబల్లపై వ్రాసినవాడు ఆ యింటి చిన్న కుమారుడే. తండ్రిగారు ఆ బల్లను ఫోనులో ఫోటో తీసికొనిరి. యంత్రముపైని 4000 అను బంగారు అంకెలను కూడ గీకివేయుదమని ఆయన అనగా, పెద్దకుమారుడు మాత్రము ఒప్పుకొనలేదు.